డిస్టిల్డ్ వాటర్ స్వచ్ఛమైనదో కాదో ఇంట్లో తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న: కొత్త సీసా మూత తీసి టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలను అంచనా వేసేది) పెడితే 6 పీపీఎం (పది లక్షల్లో 6 వంతులు) వచ్చింది. ఆమ్లగుణం చూపే పీహెచ్ కాగితం తటస్థమైన 7 కాకుండా 5.5 దగ్గర ఆగింది. నీళ్లు కల్తీవేనా? లెడ్ యాసిడ్ బ్యాటరీలో పోయాలి.

జవాబు: ముందు గ్లాసును అనుమానించండి. 300 పీపీఎం కుళాయి నీళ్లతో కడిగిన గ్లాసు అడుగున ఒక్క మిల్లీలీటరు మిగిలినా, దాని మీద 50 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ పోస్తే మీటరు సరిగ్గా ఆ 6 దగ్గరే నిలుస్తుంది. మీటరు కొనలో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఇరుక్కున్న పాత చుక్క కూడా అంతే పని చేస్తుంది. గ్లాసునూ మీటరు కొననూ అదే సీసా నీళ్లతో మూడుసార్లు కడిగి పారబోయండి. వేలు తగలనివ్వకండి, చెమటలో ఉప్పు ఉంటుంది. నాలుగోసారి పోసి, బుడగలు పోయేలా మీటరును మెల్లగా తట్టి, అంకె కుదురుకున్నాక చూడండి. 0 లేదా 1 వస్తే సరే. మళ్లీ 6 వస్తే ఆ సీసా బ్యాటరీకి వద్దు.

పీహెచ్ గురించి దిగులు పడకండి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగితే మంచి డిస్టిల్డ్ వాటర్ కూడా 5.6 దాకా దిగుతుంది. పైగా లవణాలు లేని నీటిలో పీహెచ్ కాగితం నమ్మదగ్గది కాదు.

ప్రశ్న: మరి ఆ 6 కూడా గాలి వల్లే వచ్చి ఉండొచ్చు కదండీ?

జవాబు: రాదండి. గాలి వల్ల వాహకత (నీరు విద్యుత్తును మోసే గుణం) సెంటీమీటరుకు ఒక మైక్రోసీమెన్స్ దాకా పెరుగుతుంది, టీడీఎస్ లెక్కలో అది అర పీపీఎం మాత్రమే.

మరొకరు: పై జవాబుకు ఒక చేర్పు. మీటరు పట్టేది విద్యుత్తును మోసే అయాన్లనే (లవణాలు కరిగితే వచ్చే విద్యుదావేశ కణాలు). చక్కెర, ఆల్కహాలు, సూక్ష్మజీవులు ఎన్ని ఉన్నా 0 చూపగలదు. అందుకే 0 వచ్చినంత మాత్రాన తాగడానికో, గాయం కడగడానికో పనికొస్తుందనుకోకండి.

మీటరు లేకపోతే శుభ్రమైన అద్దం మీద ఒక చుక్క వేసి, దుమ్ము పడకుండా ఆరనివ్వండి. కుళాయి నీరైతే తెల్లటి వలయం మిగులుతుంది. 5 పీపీఎం లాంటి కొద్దిపాటి మలినం ఒక్క చుక్కలో కనబడదు, అదే చోట ఆరాక మళ్లీ మళ్లీ వేస్తూ పోవాలి.

బ్యాటరీకి అసలు శత్రువు క్లోరైడ్ (మామూలు ఉప్పులో ఉండేదే), పాజిటివ్ ప్లేటును తినేస్తుంది. 10 మి.లీ. నీటిలో నాలుగైదు చుక్కల సిల్వర్ నైట్రేట్ ద్రావణం వేసి, నల్ల కాగితం ముందు పెట్టి చూడండి. పాలలా మసకబారితే క్లోరైడ్ ఉన్నట్టే. చేతికి గ్లవ్స్ తప్పనిసరి, చర్మానికి తగిలితే నల్ల మరక పడుతుంది.