మినీ బైపాస్ తర్వాత విటమిన్లకి నెలకి 4,220 అవుతోంది, ఎక్కడ తగ్గించొచ్చు?

కరీంనగర్ శీను:
మా ఆవిడకి 34 ఏళ్ళు. మినీ గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్ట చిన్నది చేసి పేగు దారి మళ్ళించే, బరువు తగ్గే ఆపరేషన్) అయి ఏడు నెలలు. థైరాయిడ్ బిళ్ళ 75, పొట్టలో ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ 40 కూడా నడుస్తున్నాయి. ప్రతి నెలా మందుల బిల్లు ఇదీ:

బేరియాట్రిక్ (బరువు తగ్గే ఆపరేషన్ అయినవాళ్ళ) మల్టీవిటమిన్, 30 బిళ్ళలు – 1,650
కాల్షియం సిట్రేట్ 1000 మి.గ్రా., 60 బిళ్ళలు – 720
ఐరన్, ఫెర్రస్ ఆస్కార్బేట్ 100, 30 బిళ్ళలు – 390
బి12 నాలుక కింద కొట్టే స్ప్రే – 540
డి3 నానో షాట్ (తాగే మందు) 60,000 ఐ.యూ., వారానికొకటి, నాలుగు – 320
బయోటిన్ గమ్మీలు, జుట్టు రాలుతోందని – 600

ప్రొటీన్ పౌడర్ ఇందులో కలపలేదు. పోయిన వారం రిపోర్టులు: హిమోగ్లోబిన్ 11.2, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) 18, బి12 410, విటమిన్ డి 24. థైరాయిడ్ బిళ్ళ, పాంటోప్రజోల్ తప్ప మిగతావన్నీ మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒకేసారి వేసుకుంటుంది, మర్చిపోకుండా ఉంటదని. ఇవి జీవితాంతం వాడాలన్నరు. ఏది ఆపొచ్చు, ఏది చవకగా దొరుకుతది? ఊరికే ఆపి ప్రాణం మీదకి తెచ్చుకోవద్దని అడుగుతున్న.

మందుల కొట్టు మావయ్య:
శీనూ, ముందు మల్టీవిటమిన్ సీసా వెనక ఏముందో చదివి ఇక్కడ పెట్టు. బేరియాట్రిక్ అని రాసి అమ్మే చాలావాటిల్లో బి12, డి3, ఐరన్ ముందే ఉంటాయి. వాటికి 1,650 కట్టి, మళ్ళీ అవే విడివిడిగా కొంటున్నారు. ఈ ఆపరేషన్ అయినవాళ్ళ బిల్లుల్లో నాకు ఎక్కువగా కనబడే దుబారా ఇదే. అన్నీ ఉన్న ఒక్క బిళ్ళ కొనాలి, లేదంటే మామూలు బిళ్ళలు విడివిడిగా కూర్చుకోవాలి. రెండు దారులూ సగం సగం నడిస్తే డబ్బూ పోతుంది, లోపమూ మిగులుతుంది.

రెండోది కాల్షియం. 1000 మి.గ్రా. అని ఉన్నది సిట్రేట్ ఉప్పు బరువు. అందులో అసలు కాల్షియం 21 శాతమే, అంటే 210 మి.గ్రా. రోజుకి రెండు వేస్తే 420. నెలకి 720 పెట్టి కొనేది ఇంతే. కార్బొనేట్ అయితే 40 శాతం, 1250 మి.గ్రా. బిళ్ళలో 500 ఉంటుంది. అందుకే ధర చూసేటప్పుడు అట్ట మీద పెద్ద అంకె వదిలేసి "ఎలిమెంటల్" అన్న మాట పక్కన ఉన్న అంకెతో భాగించండి. నీ సిట్రేట్ బిళ్ళ పన్నెండు రూపాయలు, అంటే 100 మి.గ్రా. అసలు కాల్షియానికి దాదాపు 5.70 పడుతోంది. ఈ లెక్కతో మూడు నాలుగు బ్రాండ్లు పోలిస్తే తేడా తెలుస్తుంది.

ఇంకోటి, అట్ట మీద లైసెన్సు చూడండి. మందు లైసెన్సుతో వచ్చేది వేరు, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే పద్నాలుగు అంకెల నంబరుతో ఆహార పదార్థంగా అమ్మేది వేరు. రెండో రకంలో మోతాదులు చాలావరకు మామూలు మనిషి రోజువారీ అవసరం దరిదాపుల్లోనే ఉంటాయి, బి12 రెండు మైక్రోగ్రాముల చుట్టుపక్కల. పేగు దారి మళ్ళించినవాళ్ళకి అది సముద్రంలో కాకిరెట్ట. గమ్మీలు దాదాపు అన్నీ ఈ కోవలోవే, పైగా చాలావాటిలో ఐరన్ ఉండదు.

పోషణ విజయవాడ:
శీను గారూ, ఖర్చు సంగతికి వచ్చే ముందు ఆ మధ్యాహ్నం ఒకేసారి వేసుకోవడం ఈ రోజే ఆపించండి. కాల్షియం, ఐరన్ కలిసి వెళ్తే ఐరన్ ఒంటపట్టదు. బైపాస్‌లో ఐరన్ ఎక్కువగా పీల్చుకునే డుయోడినమ్‌ని (చిన్నపేగు మొదటి భాగం) ఎటూ పక్కన పెట్టేశారు, పాంటోప్రజోల్ ఉన్న కాస్త ఆమ్లాన్నీ తగ్గిస్తోంది. ఫెరిటిన్ 18 దగ్గర ఉండటానికి ఇవన్నీ కారణాలే. ఆ 390 రూపాయల బిళ్ళలో చాలాభాగం మరుగుదొడ్డికే పోతోంది.

బైపాస్ తర్వాత సాధారణంగా చెప్పే రోజువారీ మోతాదులు ఇవి. బి12 నోటి ద్వారా 350 నుంచి 1000 మైక్రోగ్రాములు, లేదా నెలకోసారి 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్. నెలసరి వచ్చే ఆడవాళ్ళకి ఐరన్ 45-60 మి.గ్రా., లోపం ఉంటే డాక్టరు ఇంకా పెంచుతారు. థయమిన్ (బి1) కనీసం 12 మి.గ్రా. ఫోలిక్ యాసిడ్ పిల్లల్ని కనే వయసులో 800-1000 మైక్రోగ్రాములు. డి3 రోజుకి 3000 ఐ.యూ., రక్తంలో 30 దాటేదాకా. జింక్ 8-22, కాపర్ 2 మి.గ్రా. విటమిన్ ఎ 5000-10000 ఐ.యూ. కాల్షియం 1200-1500 మి.గ్రా., ఒక్కసారికి 600 మించకుండా.

ఆ కాల్షియం లెక్కలో తిండి కూడా కలుస్తుంది. ఇది ఎవరూ చెప్పరు. పాలు 200 మి.లీ. చొప్పున రెండుసార్లు, ఒక కప్పు పెరుగు తీసుకోగలిగితే 650 మి.గ్రా. దాకా వచ్చేస్తుంది. 30 గ్రాముల రాగిపిండితో జావ కాస్తే ఇంకో 100, అయితే దానిలోని ఫైటేట్ వల్ల అంతా ఒంటపట్టదు. మిగిలిన 600-800కి బిళ్ళలు చాలు.

కార్బొనేట్ చవకే గాని కరగడానికి ఆమ్లం కావాలి. మినీ బైపాస్, పైన పాంటోప్రజోల్ ఉన్నంతకాలం సిట్రేటే సరైంది. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్ళ ముప్పు తగ్గడానికీ అదే మేలు. పాంటోప్రజోల్ సాధారణంగా పుండు పడకుండా మొదటి కొన్ని నెలలే ఇస్తారు. ఇంకా ఎందుకు నడుస్తోందో సర్జన్‌ని అడగండి, మీ అంతట ఆపకండి.

వేళలు ఇలా పెట్టుకోవచ్చు. 6 గంటలకి థైరాయిడ్ బిళ్ళ. దానికీ కాల్షియం, ఐరన్‌లకీ నాలుగు గంటలు ఎడం ఉండాలి, లేకపోతే థైరాయిడ్ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్ పెరిగిపోయి అనవసరంగా మోతాదు పెంచుతారు. టిఫిన్‌కి అరగంట ముందు పాంటోప్రజోల్. 10.30కి మొదటి కాల్షియం. 1 గంటకి అన్నంతో మల్టీవిటమిన్, అందులో ఐరన్ ఉంటే ఆ పూట పెరుగు వద్దు, రాత్రికి పెట్టుకోండి. 4కి రెండో కాల్షియం, టీ తాగాలనుంటే అప్పుడే. 6.30కి విడి ఐరన్, నిమ్మకాయ నీళ్ళతో. 9కి మూడో కాల్షియం. ఫోన్‌లో అలారం పెట్టుకుంటే వారంలో అలవాటైపోతుంది.

రాత్రి డ్యూటీ:
డబ్బు గురించే మాట్లాడుకుంటున్నారు, ఒక ప్రమాదం ఎవరూ రాయలేదు. థయమిన్ ఒంట్లో రెండు మూడు వారాలకి సరిపడానే నిల్వ ఉంటుంది. బి12లా ఏళ్ళ తరబడి దాచుకోదు. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే, నీళ్ళు కూడా నిలవకపోతే, మింగిన బిళ్ళ కూడా బయటికే వస్తుంది. అప్పుడు మనవాళ్ళు చేసే మొదటి పని ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికెళ్ళి ఒక గ్లూకోజు బాటిల్ ఎక్కించుకోవడం. థయమిన్ లేని ఒంట్లోకి గ్లూకోజు పోస్తే మిగిలిన కాస్తా దాన్ని కరిగించడానికే ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది. ఒకటి రెండుగా కనబడటం, తూలుతూ నడవటం, తికమకగా మాట్లాడటం, వీటిలో ఏది వచ్చినా ఎమర్జెన్సీ. గ్లూకోజు కన్నా ముందు థయమిన్ ఇంజెక్షన్ పడాలి. "బరువు తగ్గే ఆపరేషన్ అయింది, థయమిన్ ఇచ్చాక గ్లూకోజు" అని ఒక చీటీ రాసి పర్సులో పెట్టించండి. ఊళ్ళల్లో ఆ ఆపరేషన్ ఏమిటో చాలామందికి తెలియదు.

బి12ది దీనికి తిరగబడ్డ కథ. రెండు మూడేళ్ళు ఏమీ అనిపించదు, తర్వాత అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు. నరం ఒకసారి పాడైతే పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఒక్క ఫోలిక్ యాసిడ్ వాడుతూ బి12 మానేస్తే రక్తహీనత కనబడకుండా నరాలు మాత్రం దెబ్బతింటూ పోతాయి.

టీపీఏ బల్ల:
ఇన్సూరెన్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి. పాలసీ కాగితాల్లో మినహాయింపు కోడ్ 14 చూడండి. 2019లో ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఒకే మాటల్లో పెట్టించిన మినహాయింపుల్లో అదొకటి. చీటీ లేకుండా కొనగలిగే విటమిన్లు, ఖనిజాలు ఇవ్వరు, కాని హాస్పిటల్లో చేరిన క్లెయిమ్‌లో భాగంగా డాక్టరు రాస్తే ఇవ్వాలి. అంటే డిశ్చార్జి తర్వాత పాలసీ ఒప్పుకున్న రోజుల దాకా, చాలా పాలసీల్లో అది 60, ఈ మందులు అడగొచ్చు. డిశ్చార్జి సమ్మరీలో ప్రతి విటమిన్ పేరు, మోతాదు, ఎన్ని నెలలో రాయించుకోవాలి. బిల్లులో రోగి పేరు, డాక్టరు పేరు, బ్యాచ్ నంబరు ఉండాలి. "మెడిసిన్స్" అని ఒకే ముక్కలో కొట్టిన బిల్లు వెనక్కి వస్తుంది. శీను గారికి ఏడు నెలలయింది కాబట్టి ఆ గడువు దాటింది, ఓపీ కవర్ విడిగా ఉంటే తప్ప లాభం లేదు. ఇంకా ఆపరేషన్ కానివాళ్ళు గుర్తుపెట్టుకోండి.

కరీంనగర్ శీను:
అందరికీ దండాలు. సీసా వెనక ఇట్ల ఉంది, ఒక్క బిళ్ళకి: బి12 500 మైక్రోగ్రాములు, థయమిన్ 12 మి.గ్రా., ఫోలిక్ 800 మైక్రోగ్రాములు, ఐరన్ 45, జింక్ 15, కాపర్ 2, విటమిన్ ఎ 5000, డి3 3000. కాల్షియం లేదు. మరి స్ప్రే ఆపొచ్చా? జుట్టుకి జింక్ 50 బిళ్ళ వాడమని ఎవరో చెప్పిండ్రు, అది నడుస్తదా?

మందుల కొట్టు మావయ్య:
మంచి బిళ్ళే, అదే ఉంచు. స్ప్రే తీసెయ్. బి12 ఒంటపట్టడానికి పొట్టలో తయారయ్యే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ పనిచెయ్యకపోయినా పెద్ద మోతాదు బి12లో దాదాపు ఒక శాతం దానంతట అదే పేగులోంచి దిగుతుంది. మోతాదు అంత పెద్దగా పెట్టేది అందుకే. నాలుక కింద కొడితే ఎక్కువ ఒంటపడుతుందనడానికి ఆధారం లేదు, ధర మాత్రం ఎక్కువే. ఎప్పుడైనా విలువ పడిపోతే నెలకో ఇంజెక్షన్ ఈ స్ప్రే కన్నా చాలా చవక.

జింక్ 50 వద్దే వద్దు. జింక్ ఎక్కువైతే కాపర్‌ని పేగులోనే ఆపేస్తుంది. 8-15 మి.గ్రా. జింక్‌కి ఒక మి.గ్రా. కాపర్ తోడుండాలి, ఆ సీసాలో కాపర్ అంతకన్నా తక్కువ లేదు. కాపర్ తగ్గితే ఐరన్ ఎంత పోసినా హిమోగ్లోబిన్ లేవదు, నడక కూడా తేడా వస్తుంది, అది చూసి బి12 లోపం అనుకుంటారు.

డి3కి నానో షాట్ బదులు మామూలు 60,000 క్యాప్సూల్ జన ఔషధి కేంద్రంలో అడుగు. ఆ రోజు అన్నంలో నెయ్యో నూనో ఉన్న కూర ఉండాలి, ఇది కొవ్వులో కరిగేది. మూడు నెలలకి పరీక్షలో 30 దాటితే వారం మోతాదు ఆపాలా అని డాక్టర్ని అడుగు, రోజూ 3000 మల్టీలోంచి ఎటూ వెళ్తోంది. వారానికొకటి అన్నది రోజుకొకటి అనుకుని మింగి, కాల్షియం పెరిగి హాస్పిటల్ పాలయ్యేవాళ్ళున్నారు. అట్ట మీద స్కెచ్ పెన్నుతో వారం పేరు రాయి. జన ఔషధి కేంద్రం దగ్గర్లో ఎక్కడుందో, మందు ధర ఎంతో సుగమ్ యాప్‌లో ముందే చూసుకో.

పోషణ విజయవాడ:
ఐరన్ గురించి ఒక మాట. అనీమియా ముక్త్ భారత్ కింద ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఇచ్చే ఎర్ర బిళ్ళలో ఐరన్ 60 మి.గ్రా., ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములు ఉంటాయి. డబ్బు అడగరు. మామూలు ఆడవాళ్ళకి వారానికొకటే లెక్క కాబట్టి రిపోర్టు చూపించి అక్కడి డాక్టరుతో రోజువారీకి రాయించుకోండి. సర్జన్ 100 మి.గ్రా.దే ఉంచమంటే అదే ఉంచండి, ఫెరిటిన్ 18 అంటే చిన్న లోపం కాదు. వేళలు మార్చాక కూడా రెండు మూడు నెలల్లో ఫెరిటిన్ లేవకపోతే బిళ్ళల మీద ఇంకా ఖర్చు పెట్టకుండా నరానికి ఎక్కించే ఐరన్ గురించి అడగండి.

మీ బిల్లు ఇప్పుడు ఇలా మారుతుంది. మల్టీ 1,650. కాల్షియం రోజుకి మూడు, 630 మి.గ్రా., పాలూ పెరుగుతో కలిపి సరిపోతుంది, 1,080. డి3 320 లేదా అంతకన్నా తక్కువ. ఎర్ర బిళ్ళకి డాక్టరు ఒప్పుకుంటే మొత్తం 3,050. అంటే కాల్షియం పెంచినా 1,170 మిగులుతోంది.

జుట్టుకి గమ్మీలు దండగ. మూడు నుంచి ఆరో నెల దాకా రాలడం బరువు వేగంగా తగ్గడం వల్లే, తర్వాత చాలామందికి ఆగుతుంది. ఆగకపోతే చూడాల్సింది ఐరన్, ప్రొటీన్. ప్రొటీన్ రోజుకి 60-80 గ్రాములు అందాలి. గుడ్డుకి 6, పనీర్ 100 గ్రాములకి 18, ఎండు మీల్‌మేకర్ 30 గ్రాములకి 15 దాకా. ఇవి ముందు నింపి, తగ్గినంత వరకే పౌడర్ కొనండి.

కరీంనగర్ శీను:
గమ్మీలు సగం డబ్బా మిగిలింది. వచ్చే నెల పరీక్షలకి ఏమన్నా ఇబ్బంది అయితదా?

రాత్రి డ్యూటీ:
అవుతుంది. బయోటిన్ ఎక్కువ మోతాదులో ఉంటే టీఎస్‌హెచ్, బి12, పీటీహెచ్ (రక్తంలో కాల్షియాన్ని అదుపు చేసే హార్మోన్) అంకెలు మిషన్‌లో తప్పుగా రావచ్చు. మొన్నటి బి12 410 కూడా గమ్మీలు తింటూ చేయించిందే అయితే మళ్ళీ చూసుకోండి, అప్పటిదాకా స్ప్రే ఉంచండి. రక్తం ఇచ్చే ముందు కనీసం మూడు రోజులు గమ్మీ ముట్టకూడదు. ఫెరిటిన్, విటమిన్ డితో పాటు పీటీహెచ్, కాల్షియం, ఆల్బుమిన్, జింక్, కాపర్ కూడా రాయించుకోండి.