అప్‌డేట్: పాత ఓనర్ కోసిన వైర్లు, డిక్కీకి పెట్టిన చిల్లులు
పోయిన నెల అడిగాను కదా, నేను కొన్న సెకండ్‌హ్యాండ్ కారుకి పాత ఓనర్ హెడ్‌లైట్ వైర్లు కోసేసి, స్పాయిలర్ (వెనక బిగించే రెక్కలాంటిది) కోసం డిక్కీ డోర్‌కి నాలుగు చిల్లులు పెట్టాడు, ఏం చేయాలని. లైట్ల సంగతి తేలింది. 60/55 వాట్ల (హై బీమ్/లో బీమ్) బల్బు ఉండాల్సిన చోట 100/90 పెట్టాడు మహానుభావుడు, అదీ రిలే (లైట్లకి ఎక్కువ కరెంటుని బ్యాటరీ నుంచి విడిగా పంపే స్విచ్) లేకుండా, దాంతో హోల్డర్ కరిగి బల్బు కాళ్లకు అతుక్కుపోయింది. ఎలక్ట్రీషియన్ టేపు చుట్టిన జాయింట్లన్నీ పీకేసి, కొత్త హోల్డర్లు పెట్టి, మామూలు వాట్ల బల్బులే వేశాడు.

చిల్లులకి వెల్డింగ్ వద్దన్నాడు టింకరింగ్ ఆయన, వేడికి రేకు వంకరపోతుందట, పైగా డోర్ మొత్తం మళ్లీ పెయింట్ కొట్టాలి. తుప్పు గీకి, ప్రైమర్ పూసి, రబ్బరు బిరడాలు సీలెంట్‌తో బిగించాం. చూడ్డానికి బొత్తాల్లా ఉన్నాయి, పోనీలెండి. నిన్న అంత వాన పడినా స్టెప్నీ గుంటలో చుక్క నీళ్లు లేవు.