లేస్ (LACE) స్కోరు తక్కువున్నా హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్లు 30 రోజుల్లోపే మళ్లీ ఆసుపత్రిలో చేరుతున్నారు, ఏం చూడాలి?

డిశ్చార్జ్ తర్వాత ఫాలోఅప్ చూసే నర్సుని. ఎవరు తిరిగి చేరతారో ముందే పసిగట్టడానికి లేస్ స్కోరు వాడుతున్నాం. ఇందులో నాలుగు అంశాలకు పాయింట్లుంటాయి: ఎన్ని రోజులున్నారు, ఎమర్జెన్సీగా చేరారా, ఇతర జబ్బులు, గత 6 నెలల్లో ఎమర్జెన్సీకి ఎన్నిసార్లొచ్చారు. 10, ఆపైన ఉంటే ఫోన్ చేస్తాం.

హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్ల దగ్గరే తప్పుతోంది. మొన్న ఒకాయన 4 రోజులుండి వెళ్లారు, స్కోరు 9. పదకొండో రోజు కాళ్లకు నీరు పట్టి, పడుకుంటే ఊపిరాడక వచ్చారు. రాత్రంతా మూత్రానికి లేవాల్సొస్తోందని నీరు తగ్గే మాత్ర మూడో రోజే ఆపేశారట. ఇది లేస్‌లో ఎక్కడ కనిపిస్తుంది? చాలా బాధేసింది.

కటాఫ్ 8కి దించి చూశాం. ఫోన్లు మోయలేనన్ని అయ్యాయి, అసలు ప్రమాదంలో ఉన్నవాళ్లు ఆ గుంపులో కలిసిపోయారు.

ఈ పేషెంట్లకు లేస్‌తో పాటు డిశ్చార్జ్ రోజునే రాసుకోగలిగిన ఏ ఒక్క వివరం మీకు బాగా పనికొచ్చింది?