ఉదయం 8.50కి దుబాయ్, మధ్యాహ్నం 1.30కి శాన్‌ఫ్రాన్సిస్కో: అసలు ఎన్ని గంటలు?

పాత కండక్టర్, సూర్యాపేట:
ముప్పై ఏళ్లు బస్సులో స్టేజీలు లెక్కపెట్టి టిక్కెట్లు కొట్టినవాణ్ణి. హైదరాబాద్ నుంచి విజయవాడకు సుమారు 275 కిలోమీటర్లు, ఎన్నింటికి చేరతామో కునుకుతూ కూడా చెప్పేవాణ్ణి. అమ్మాయి పంపిన విమానం టిక్కెట్టు మాత్రం నాకు అంతుపట్టడం లేదు. వచ్చే జూన్‌లో హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4.20కి ఎక్కితే 6.40కి దుబాయ్. అక్కడ 8.50కి మారితే అదే రోజు మధ్యాహ్నం 1.30కి శాన్‌ఫ్రాన్సిస్కో. అంటే దుబాయ్ నుంచి అమెరికాకు అయిదు గంటలు కూడా పట్టదా? మాకు తిరుపతి వెళ్లడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఎంతసేపు కూర్చోవాలో ముందే తెలియాలంటుంది. అల్లుడేమో "మీరు ఎక్కండి మామయ్యా" అంటాడే కానీ లెక్క చెప్పడు.

శాన్‌హోసే నుంచి:
బాబాయి గారూ, టిక్కెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే. అన్నీ మన టైములోకి మార్చుకోండి. దుబాయ్ మనకు గంటన్నర వెనక, కాలిఫోర్నియా వేసవిలో పన్నెండున్నర గంటలు వెనక. కాబట్టి మీరు దుబాయ్‌లో దిగేది మన 8.10కి, మళ్లీ ఎక్కేది 10.20కి, శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగేది మర్నాడు తెల్లవారుజామున 2 గంటలకు. రెండో విమానంలోనే 15 గంటల 40 నిమిషాలు. మొత్తం 21 గంటల 40 నిమిషాలు. పిన్నిగారికి నడవ పక్క సీటు, దుబాయ్‌లో వీల్‌చైరు ఇప్పుడే అడిగి పెట్టండి. విమానం మారడానికి మీకున్నది రెండు గంటలే.

సోషల్ టీచరు:
గోడ మీది పటంలో గీత గీస్తే దారి తెలియదు. గ్లోబు మీద దారం లాగండి. దుబాయ్ 55 డిగ్రీల తూర్పు, శాన్‌ఫ్రాన్సిస్కో 122 డిగ్రీల పడమర. కలిపితే 177, అంటే భూమికి దాదాపు ఎదురెదురు వైపులు. దగ్గరి దారి ఉత్తర ధ్రువం పక్కగా పోతుంది, 13,000 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి తిన్నగా వెళ్లినా 13,500. దుబాయ్ మీదుగా అయితే 15,500 దాటుతుంది.

గన్నవరం:
కిలోమీటర్లను నమ్ముకోకండి, గాలిని కూడా చూడాలి. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ మీదుగా కాకుండా పసిఫిక్ మీదుగా నడిపింది. దూరం 13,900 నుంచి 15,300 కిలోమీటర్లకు పెరిగింది, అయినా పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది. పడమటి నుంచి తూర్పుకు వీచే పైగాలి వెనక నుంచి తోసింది మరి.

పాత కండక్టర్, సూర్యాపేట:
గ్లోబు లేదు. పుచ్చకాయ మీద స్కెచ్ పెన్నుతో రెండు ఊళ్లూ గుర్తు పెట్టి దారం లాగాము. తొడిమను దాదాపు రాసుకుంటూ పోయింది! టీచరు గారికి నమస్కారం. వీల్‌చైరుకు ఫోను చేసి చెప్పాను. పదిహేను గంటల నలభై నిమిషాలని విన్నాక మా ఆవిడ ఒక్కటే అడిగింది: "మన ఊళ్లో బస్సులు ఆపినట్టు మధ్యలో ఎక్కడా టీకి ఆపరా?"