సమస్యాపూరణం: "నిద్ర రాని వాఁడు నిదురబోతు"

పంతులుగారు:
అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం, పై మూడు పాదాలూ మీరు పూరించాలి.

నిద్ర రాని వాఁడు నిదురబోతు

ఇది నాకు కోటిపల్లి రేవులో దొరికింది. పంటు (గోదారి దాటించే పడవ) కోసం కూర్చున్నాం, నాతో పాటు రిటైరైన వాళ్లు నలుగురు, అందరిదీ ఒకటే గోల, రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తోంది, ఆ తర్వాత కన్ను మూతపడట్లేదు అని. తీరా పంటు ముక్తేశ్వరం చేరేలోపు నలుగురూ గురక.

1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు (మూడేసి మాత్రల ముక్కలు), రెండు ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రలవి). 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరంతో అది జత కుదరాలి; బదులుగా వాటి పక్క అక్షరాలు కలిసే ప్రాసయతి కూడా చెల్లుతుంది. విషయం వయసూ ఓపికా. కుంభకర్ణుణ్ణీ ఊర్మిళాదేవినీ మాత్రం తేకండి, వాళ్లని ఇక్కడ ఇప్పటికే చాలాసార్లు లేపాం.

రేవుగట్టు:
నాదే బోణీ గురువుగారూ. మా నాన్నగారిని చూసి రాసింది.

కోడి కూయకుండ గుడిగంట మోగక
ముందె లేచి తాత ముసుగు తీసె
పగలు పడకకుర్చి పైన గురక పెట్టు
నిద్ర రాని వాఁడు నిదురబోతు

పంతులుగారు:
బోణీ బాగుంది. యతులన్నీ కుదిరాయి, కో-గు కూడా సరే. కానీ 'కుర్చీ'ని 'కుర్చి' చేసేశారు, గణం కోసం దీర్ఘం నరికితే నాకు పంటి కింద రాయిలా ఉంటుంది. 'పగలు వీధియరుగు పైన గురక పెట్టు' అంటే ఆ బాధ లేదు. 'కూయకుండ', 'మోగక ముందె' రెండూ ఒకే మాట చెబుతున్నాయి, దాన్ని మాత్రం క్షమించేస్తున్నా, ఎందుకంటే 'ముసుగు తీసె' దగ్గర ఇల్లంతా ఇక నిద్ర లేనట్టే అని తెలిసిపోతోంది.

రేవుగట్టు:
అరుగు బాగుందండీ, కానీ మాది ఇప్పుడు అపార్ట్‌మెంటు, అరుగెక్కడిది? ప్లాస్టిక్ కుర్చీ ఒకటి బాల్కనీలో. పద్యం కోసం పాత ఇల్లు మళ్లీ కట్టలేను కదా.

పంతులుగారు:
కుర్చీకి దీర్ఘమైనా తిరిగివ్వండి.

హైదరాబాదులో గోదారోడు:
ముసలాళ్ల మీదే ఎందుకు, మా తమ్ముడి మీద రాశాను. పంతొమ్మిదేళ్లు, కాకినాడలో చదువు, రోజూ బస్సులో వెళ్లొస్తాడు.

ఫోను చేత పట్టి పొద్దు పోయెడి దాక
బొమ్మ చూచి చూచి పొద్దు పొడిచె
బస్సు సీటులోన పడి తూలుచుండెను
నిద్ర రాని వాఁడు నిదురబోతు

పంతులుగారు:
పొద్దు పోవడం, పొద్దు పొడవడం పక్కపక్కన పెట్టడం సరదాగా ఉంది. కానీ బాబూ, అసలు చోటే జారింది. మీ తమ్ముడు నిద్ర రాని వాడు కాదు, నిద్రని రానివ్వని వాడు. సమస్యలో ఉన్న మాటకి పద్యం న్యాయం చెయ్యాలి.

మందుల కొట్టు బాబాయి:
పంతులుగారూ, కుర్రాడి తరఫున ఒక్క మాట. ఆ వయసులో ఒంట్లో గడియారమే కాస్త ఆలస్యంగా నడుస్తుంది, పదింటికి పడుకోమన్నా నిద్ర రాదు, ఫోను దానికి ఆజ్యం. పెద్దయ్యాక అదే గడియారం ముందుకి జరుగుతుంది, అందుకే రాత్రి ఎనిమిదింటికి ఆవలింతలు, మూడింటికి మెలకువ. పైగా గాఢనిద్ర తగ్గిపోయి పైపైన తేలే నిద్రే ఎక్కువవుతుంది, కుక్క మొరిగినా లేచిపోతాం, మధ్యలో బాత్రూం పని ఒకటి. అలాగని పెద్దవాళ్లకి నాలుగ్గంటలు చాలు అనుకోవడం తప్పు, అరవై అయిదు దాటినా ఏడెనిమిది గంటలు కావాలనే డాక్టర్లు చెబుతారు. రాత్రి తగ్గిన బాకీ పగలు వసూలవుతోంది, మీ పాదంలో విరోధమేమీ లేదు! ఇంకోటి, నా కొట్టుకొచ్చి నిద్ర మాత్ర అడిగేవాళ్లని ముందు సాయంత్రం ఎన్నింటికి కాఫీ తాగారని అడుగుతాను. అయిదింటికి తాగిన దాంట్లో కెఫీన్ సుమారు సగం పదింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది.

రేవుగట్టు:
మరి నలభై దాటగానే ఒంట్లో శక్తి ఖర్చు తగ్గిపోయి పొట్ట వస్తుందంటారు, అదీ ఈ గడియారమేనా బాబాయ్?

మందుల కొట్టు బాబాయి:
అది మనం పొట్టకి చెప్పే సాకు. 2021లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది, 29 దేశాలు, 6,400 మందికి పైగా, పుట్టి ఎనిమిది రోజులైన పిల్లల దగ్గర్నుంచి తొంభై అయిదేళ్ల వాళ్ల దాకా. ఒంటి కొలతల తేడాలు తీసేసి చూస్తే ఇరవై నుంచి అరవై దాకా శరీరం చేసే ఖర్చు దాదాపు ఒకేలా ఉంది, అరవై తర్వాతే ఏడాదికి 0.7 శాతం చొప్పున తగ్గుతోంది. మధ్యలో తగ్గేది మన నడకా, కండా. కాలవ గట్టు మీద సైకిల్ తొక్కేవాళ్లం, ఇప్పుడు పాల ప్యాకెట్‌కి కూడా బండి తీస్తున్నాం.

ముంగిట్లో ముగ్గు:
నేను క్రమాలంకారంలో ప్రయత్నించాను, తప్పులుంటే చెప్పండి.

వయసు పెరుగుచుండ వదలిపోయెడి దేది?
గడప మీది తల్లి కాచు నెవని?
పగలు కునుకువాని పదుగు రేమందురు?
నిద్ర, రాని వాఁడు, నిదురబోతు

పంతులుగారు:
అమ్మా, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మూడు ప్రశ్నలు, పాదాన్ని మూడు ముక్కలు చేసి జవాబులు, పాతకాలం పద్ధతి. ఒక్కటే లోపం, 'ఎవని' అని అడిగితే 'రాని వాని' అని జవాబు రావాలి, విభక్తి కుదరలేదు. 'తల్లి కంటి కెవఁడు తగులకుండె' అని మారిస్తే సరిపోతుంది.

ముంగిట్లో ముగ్గు:
వ్యాకరణం మీదే కరెక్టండీ, కానీ గడప పోయింది. మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు, మనకి రాత్రి పదకొండుకి ఫోన్ చేస్తాడు, అక్కడ మధ్యాహ్నం భోజనం టైము. ఆ తర్వాత నాకు నిద్ర పట్టదు. ఒకప్పుడు నాలుక్కి లేస్తే కల్లాపి, ముగ్గు, పెసరట్ల పిండి, క్యారేజీలు, అన్నీ ఏడింటికల్లా అయిపోయేవి. ఇప్పుడూ నాలుక్కే లేస్తున్నా, ఏడింటికి ఇంకా కాఫీ గ్లాసు చేతిలోనే ఉంటోంది. తొందరపెట్టేవాళ్లు లేక అలా అయ్యిందో, ఓపిక తగ్గి అయ్యిందో నాకే తెలీదు.

పంతులుగారు:
అయితే గడపని ఉంచేయండి. విభక్తి సంగతి నేను చూసుకుంటాను.

రేవుగట్టు:
నా కుర్చీకి దీర్ఘం అడిగారు, ఇక్కడ విభక్తే వదిలేశారు!

శివారు రైతు:
ఆయ్, ఆలస్యమైంది, చేలో ఉన్నాను.

కాల్వ వంతు నీరు గడియ గడియ చూచి
గట్టు మీద రాత్రి గడపు రైతు
పైరు కుదుటబడిన పగలు పడక వేసె
నిద్ర రాని వాఁడు నిదురబోతు

హైదరాబాదులో గోదారోడు:
నడక బాగుంది బాబాయ్, కానీ ఇందులో వయసేది? ముప్పై ఏళ్ల రైతైనా దాళ్వాలో (రబీ వరికి) నీటి వంతు కోసం కాపలా కాయాల్సిందే.

శివారు రైతు:
నిజమే. వయసు పద్యంలో పెట్టలేదు, ఎందుకంటే నాలుగు పాదాల్లో ఇమడలేదు. 1986 ఆగస్టు వరదకి గట్టు మీద మూడు రాత్రులు ఇసక బస్తాలు మోశాను, నాలుగో రోజు పొద్దున స్నానం చేసి పెళ్లికి వెళ్లాను, బంతిలో వడ్డన కూడా చేశాను. మొన్న దాళ్వాలో నీళ్లు మా శివారుకి చేరేసరికి రాత్రి ఒంటిగంట, రెండు గంటలు పార పట్టుకుని నిలబడ్డానంతే, రెండు రోజులు లేవలేదు. మా ఆవిడ జ్వరమేమో అనుకుంది.

పంతులుగారు:
ఇందాక ఇది పద్యంలో లేదని ఒప్పుకున్నారు కాబట్టి మార్కులు తగ్గిస్తాను, చెప్పిన తీరుకి మళ్లీ కలుపుతాను. ఈ వారం నా ఓటు గడపకి. వచ్చే వారానికి ఇదీ ఆటవెలదే:

మెట్లు పెరిగె నింట మేడ లేదు

శివారు రైతు (తెల్లవారుజామున 3.12కి):
మొదటి పాదం వచ్చేసింది గురువుగారూ.

చేవ తగ్గి కాలు చిన్న గడప దాట

పంతులుగారు (3.14కి):
చే-చి యతి సరే. రెండో పాదం?