కానీ నాణెం అంచున ఉన్న చంద్రవంక కోత టంకశాలలోదేనా, తర్వాత ఎవరైనా కోసినదా?

అంబాజీపేట దగ్గర మా కొబ్బరి తోటలో పాదులు తవ్వుతుండగా, అయిదవ జార్జి బొమ్మ ఉన్న 1930 నాటి కంచు పావు అణా, అంటే కానీ, దొరికింది. దాని కుడి అంచున 10 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల లోతున చంద్రవంకలా కొంత భాగం లేదు.

పది రోజులు డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, వెదురు పుల్లతో మట్టి తీశాను. చిలుమును గీకలేదు. కంసాలి తక్కెడలో 4.62 గ్రాములు తూగింది, ఉండవలసినది 4.86. పదింతల భూతద్దంలో కోత ముఖం మీద ఆకురాయి గీతలు కనిపించలేదు, రంగు కూడా మిగతా నాణెంలాగే ముదురు గోధుమగా ఉంది. అయితే ఎనభై, తొంభై ఏళ్ల కిందట కోసినా ఈ తడి నేలలో అదే రంగు వస్తుంది కనుక, రంగును నేను సాక్ష్యంగా తీసుకోవడం లేదు.

టంకశాలలో ముద్ర వేయకముందు బిళ్ల కత్తిరించేటప్పుడే ముక్క పోయి ఉంటే, అంచు కట్టే యంత్రంలో కోతకు ఎదురు వైపున ఒత్తిడి చాలక అక్కడి గట్టు, అంటే అంచు చుట్టూ ఉబ్బెత్తుగా ఉండే భాగం, పలచబడుతుందని, కోత పక్కనున్న అక్షరాలు అంచు వైపు సాగినట్లు కనిపిస్తాయని చదివాను. నా నాణెంలో కోతకు సరిగ్గా ఎదురుగా 8 మిల్లీమీటర్ల మేర గట్టు దాదాపు లేదు, కానీ చిలుము తిన్న గుంటలు ఎక్కువగా ఉన్నదీ అక్కడే. కోత దగ్గర మూడు అక్షరాల తలలు తెగిపోయాయి. అవి సాగాయో, అరిగాయో తేల్చుకోలేకపోతున్నాను. ఫొటోలు చూసిన ఇద్దరు సేకర్తలు చెరొక మాట చెప్పారు.

ఇలాంటి కంచు నాణెంలో టంకశాలలోనే పలచబడిన గట్టును, చిలుము తిని అరిగిన గట్టు నుంచి ఏ గుర్తుతో వేరు చేయాలి?