7,500 పౌన్ల ట్రైలర్ లాగడానికి ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్ సరిపోతుందా, ఇంకా పెద్దదైన ర్యామ్ 2500 తీసుకోవాలా?

డాలస్ నుంచి అడుగుతున్నాను. 26 అడుగుల ట్రావెల్ ట్రైలర్ చూసుకున్నాం, ఖాళీ బరువు 5,600 పౌన్లు, జీవీడబ్ల్యూఆర్, అంటే సామానుతో కలిపి మించకూడని మొత్తం బరువు, 7,500. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, వేసవికి గుంటూరు నుంచి వచ్చే అమ్మ, మొత్తం ఐదుగురం. అమరిల్లో మీదుగా కొలరాడో, అక్కణ్ణించి యూటా వెళ్లాలని ప్లాన్. నచ్చింది ఎఫ్-150లో లారియట్ మోడల్, 3.5 ఎకోబూస్ట్ అనే టర్బో ఇంజన్‌ది, 11,000 పౌన్ల పైనే లాగుతుందంటున్నారు. ఇంకేం చూడాలి?

ప్లేనో నుంచి:
లాగే సామర్థ్యం సంగతి పక్కన పెట్టి, డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన పసుపు రంగు స్టిక్కర్ ఉంటుంది, దాని మీద మనుషులు, సామాను కలిపి ఎంత బరువు మించకూడదో రాసి ఉంటుంది, ఆ అంకె ఎంతో చెప్పండి. ట్రైలర్ ఖాళీ బరువుని మాత్రం లెక్కలోకే తీసుకోకండి, 40 గ్యాలన్ల నీళ్లు నింపితేనే 330 పౌన్లు పెరుగుతుంది, ఆ పైన బట్టలు, సరుకులు ఉండనే ఉంటాయి.

అడిగినవారు:
ఇప్పుడే చూసొచ్చాను, 1,480.

ప్లేనో నుంచి:
అయితే కష్టమండి. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే ట్రక్కు వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం మీద పడుతుంది, అదీ ఆ 1,480లోకే వస్తుంది. 7,500లో 13 శాతం వేసుకున్నా 975, ఆ బరువుని ముందు వెనక యాక్సిళ్లకి సర్దే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్‌కి ఇంకో 100 పౌన్లు. ఇక మిగిలింది 405, అందులో మీ ఐదుగురూ, వెనక పెట్టే సామానూ పట్టాలి. ఇంజన్ లాగుతుంది, కాదనను, కానీ వెనక యాక్సిల్, టైర్ల మీద పరిమితికి మించి బరువు వేసి పిల్లల్నీ పెద్దావిణ్ణీ అంత దూరం తీసుకెళ్లొద్దు.

డెన్వర్ నుంచి:
లెక్క కరెక్టే, అయితే ఎఫ్-150ని అప్పుడే వదిలేయకండి. సన్‌రూఫ్‌లు, పవర్ సీట్లు పెరిగేకొద్దీ పేలోడ్, అంటే ఆ స్టిక్కర్ మీది అంకె, తగ్గుతుంది, అదే ఇంజన్‌తో హంగులు తక్కువుండే ఎక్స్‌ఎల్‌టీ మోడల్‌లో హెవీ డ్యూటీ పేలోడ్ ప్యాకేజీ ఉన్నది దొరుకుతుందేమో వెతకండి. ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,000 అడుగుల పైన ఉంది, ఆ ఎత్తులో గాలి పలచబడి టర్బో లేని ఇంజన్ బలం దాదాపు మూడో వంతు పోతుంది, ర్యామ్ 2500లో వచ్చే 6.4 హెమీ ఇంజన్ కూడా అందులోకే వస్తుంది, అక్కడ ఎకోబూస్ట్‌దే పైచేయి. కానీ టన్నెల్ దాటాక దిగుడులో బరువైన 2500 ఎంత నిలకడగా ఉంటుందో నడిపితేనే తెలుస్తుంది. ఏది కొన్నా ట్రైలర్ బ్రేకుల్ని ట్రక్కులోంచి నడిపించే బ్రేక్ కంట్రోలర్ తప్పనిసరి, దిగేటప్పుడు బరువు లాగడానికుండే టో/హాల్ మోడ్‌లో పెట్టి గేరు మీద దిగండి, బ్రేకు మీదే కాలుంచితే వేడెక్కిపోతుంది. అమరిల్లో వైపు పక్కగాలి కూడా గట్టిగా కొడుతుంది, ట్రైలర్ అటూ ఇటూ ఊగకుండా ఆపే స్వే కంట్రోల్ ఉన్న హిచ్ తీసుకోండి.

అడిగినవారు:
2500ని రోజూ ఆఫీసుకి నడపడం ఇబ్బందా?

ప్లేనో నుంచి:
ఖాళీగా ఉన్నప్పుడు గతుకుల్లో ఎగురుతుంది, పెట్రోలు కూడా ఎక్కువే తాగుతుంది. నేనైతే అదే కొంటాను. గ్యారేజీ మాత్రం ముందే కొలుచుకోండి. కొన్నాక ట్రైలర్ తగిలించి, అందరూ ఎక్కి, ట్రక్ స్టాప్‌లో ఉండే క్యాట్ స్కేల్ అనే వాహనాల తూకం మీద తూయించండి, ఏ యాక్సిల్ మీద ఎంత పడుతుందో చీటీ మీద విడివిడిగా ఇస్తారు.